వెనక్కి తిరిగిన పొగ

"మీ నాన్నగారిని చివరిసారి ఎప్పుడు చూశారు?"

జవాబు చెప్పేముందు తక్ యోంజు ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టాన్ని సవరించుకుంది. ఏం మాట్లాడాలన్నా ముందు కాస్త గాలి కూడబెట్టుకోవాలి ఆమె.

"మంగళవారం మధ్యాహ్నం. ఇక్కడే. మీరు కూర్చున్న కుర్చీలోనే."

"ఆ రాత్రే ఆయన పోయారు."

"తెలుసు."

దక్షిణ కొరియాలోని దేజోన్ నగర పోలీసు ఇన్‌స్పెక్టర్ నామ్ ఇన్సుక్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎదురుగా ఉన్న మనిషికి ముప్పై ఆరేళ్లు. మంచం మీద చూస్తే యాభై దాటినట్టుంది. విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌గా పద్నాలుగేళ్లు పనిచేసింది. జన్మలో సిగరెట్ ముట్టని మనిషికి రెండు ఊపిరితిత్తుల్లోనూ క్యాన్సర్. ఆమె తండ్రి డాక్టర్ తక్ జేమున్, మూసిన గదుల్లోని గాలి గురించి దేశంలో ఎవరికంటే ఎక్కువ తెలిసిన ప్రొఫెసరు. ఆయన బుధవారం పొద్దున తన ఇంటి వెనక గదిలో బొగ్గు గ్యాస్ పీల్చి చనిపోయి కనిపించాడు. శవపరీక్ష అయింది. ఈ ఆస్పత్రిలోనే, నేలమాళిగలోని అంత్యక్రియల హాల్లో ఆయన ఫోటో ముందు అగరొత్తులు వెలుగుతున్నాయి. ఏడో అంతస్తు నుంచి కూతురు ఇంతవరకూ కిందికి దిగలేదు.

మూల కూర్చున్న నడివయసు ఆయా పియర్ పండు చెక్కు తీస్తోంది. ఇన్సుక్ ఆమె వైపు చూసి, "మీరు కాసేపు బయట ఉంటారా?" అంది.

"బ్యన్ గారిని ఉండనివ్వండి," అంది యోంజు. "ఆర్నెల్లుగా నా ఒళ్లు తుడుస్తోంది. ఆవిడ దగ్గర నాకు దాపరికం లేదు."

"సరే. మంగళవారం ఏం మాట్లాడుకున్నారు?"

యోంజు కళ్లు మూసుకుంది. "పదేళ్ల క్రితం మేం, విమానంలో పనిచేసేవాళ్లం, ఒక అర్జీ పెట్టుకున్నాం. విమానంలో సిగరెట్లు ఆపించండి అని. అప్పుడు విచారణలో నాన్న సాక్ష్యం చెప్పాడు. గాలి సరిగ్గా ఆడితే చాలు, పక్కవాడు కాల్చిన పొగతో ఎవరికీ ఏమీ కాదని. అర్జీ కొట్టేశారు. ఆ రోజు నాన్న టీవీలో కనిపించాడని నేను మురిసిపోయాను మేడమ్. నా స్నేహితురాళ్లందరికీ ఫోన్ చేశాను."

ఆగింది. ఆయా లేచి వచ్చి వీపు నిమిరింది.

"మంగళవారం వచ్చి చెప్పాడు. అప్పుడు తను ముర్యోంగ్ పొగాకు కంపెనీ మనిషట. చాటుగా. ఆ సాక్ష్యంలో ప్రతి మాటా వాళ్లు చూసి సరేనన్నాకే చదివాడట. 'నీ ఊపిరి అమ్ముకున్నది నేనే తల్లీ' అన్నాడు. సోమవారం సియోల్‌లో మళ్లీ విచారణ ఉందట. హోటళ్లలో, ఆఫీసుల్లో సిగరెట్లు ఆపే చట్టం గురించి. కంపెనీ మళ్లీ తననే పంపుతోందట. ఈసారి వెళ్లి నిజం చెప్పేస్తానన్నాడు."

"దానికి మీరేమన్నారు?"

యోంజు ఆక్సిజన్ సీసాలో లేస్తున్న నీళ్ల బుడగల వైపు చూస్తూ చెప్పింది.

"'చచ్చేదాకా మళ్లీ నా కళ్లబడకు' అన్నాను. తలుపు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి చూశాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను." ఆమె మంచం పక్క కమ్మీ పట్టుకుంది. "ఆయన నా మాట విన్నాడు మేడమ్. నేనే చంపాను. ఇక ఏ మొహం పెట్టుకుని కిందికి వెళ్లి ఆ ఫోటో ముందు కూర్చోను?"

ఇన్సుక్ నోట్లో ఓదార్పు మాట ఒకటి తయారైంది గానీ మింగేసింది. ఆత్మహత్య కాదని తనకే ఇంకా తెలియదు. ఠాణాలో రాసిన మొదటి కాగితం మాత్రం ఆత్మహత్య అనే అంటోంది.

*

ఇంటి తాళం తీసింది పక్కింటి ప్యో సూన్‌రే. బుధవారం శవాన్ని మొదట చూసింది ఈవిడే. చేతులింకా క్యాబేజీ ఊరగాయ కారంతో ఎర్రగానే ఉన్నాయి.

వెనక గది చిన్నది. ఒక మూల బొగ్గుపొయ్యి, దాన్నుంచి గోడ దాటి బయటికి పోయే రేకు పొగగొట్టం. ఒక చాప, దిండు, సగం తాగిన సోజు సారా సీసా. కిటికీ సందులన్నిటికీ లోపలి నుంచి కాగితపు పట్టీలు అంటించి ఉన్నాయి. ఠాణావాళ్లు పట్టుకున్నది ఈ పట్టీలనే. గాలి రాకుండా అంతా మూసుకుని, తాగి, పొయ్యి రాజేసి పడుకున్నాడు అని.

ఇన్సుక్ వేలితో పట్టీని రాసి చూసింది. వేలికి మసి అంటింది. అంచులు పసుపురంగుకి తిరిగి చిట్లిపోతున్నాయి.

"ఇవి ఎప్పుడు అంటించారమ్మా?"

"చలికాలం మొదట్లోనే. ఇల్లంతా అంటించాడుగా. మా ఇంటికీ ఆయనే వచ్చి అంటించాడు. నాకు మోకాళ్లు వంగవని."

ఇన్సుక్ ముందు గదులు కూడా చూసి వచ్చింది. నిజమే, అన్ని కిటికీలకూ అవే పట్టీలు, అదే మసి. చావబోయే మనిషి చేసిన పని కాదు ఇది, చలికి ఓర్చుకోలేని మనిషి చేసిన పని.

తర్వాత గోడ. పొయ్యికి ఎదురుగా, తల ఎత్తులో ఒక మేకు ఉంది. గోడ కాగితమంతా పొగచూరిపోయింది గానీ ఆ మేకు కింద అరచెయ్యంత మేర మాత్రం కొత్తగా, తెల్లగా ఉంది.

"ఇక్కడేం వేలాడేది?"

"డబ్బా. ఎర్ర లైటు ఉంటుంది. గ్యాస్ లీకైతే చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. నాకూ ఒకటి తెచ్చిచ్చాడు. 'వదినా, పొయ్యి వెలిగించి పడుకునేవాళ్లకి ఇది దేవుడి పటంతో సమానం' అన్నాడు." సూన్‌రే అప్పుడే చూసినట్టు ముందుకొచ్చింది. "అయ్యో, ఏదీ అది?"

ఇన్సుక్ ఇల్లంతా వెతికింది. చాప కింద, అల్మరాల్లో, చెత్తబుట్టలో, పెరట్లో. ఎక్కడా లేదు. తనే చావాలనుకున్న మనిషి దాన్ని తీసి పక్కన పెడితే ఇంట్లోనే దొరకాలి. ఇంట్లో లేదంటే మరెవరో పట్టుకుపోయారు.

వంటగదిలో సింకు పక్కన ఒక గిన్నె కనిపించింది. ఉప్పునీళ్లలో మూడు అబలోన్ గుల్లలు, ఖరీదైన సముద్రపు నత్తలు. నీళ్లు మురిగి వాసనేస్తున్నాయి.

"అవా..." సూన్‌రే గుమ్మంలోనే ఆగిపోయింది. "మంగళవారం సాయంత్రం బజారు నుంచి తెచ్చాడు. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. 'వదినా, అబలోన్ జావ ఎలా కాయాలో నేర్పు' అని అడిగాడు. పొద్దున్నే వచ్చి దగ్గరుండి చేయిస్తాలే అన్నాను. అందుకే బుధవారం వచ్చింది నేను."

"జావ ఎవరికి?"

"ఇంకెవరికి, కూతురికి. 'మొహం చూపించొద్దంది వదినా, అయినా వెళ్తాను. తిడితే తిట్టనీ, రెండు చెంచాలు తినిపించి వస్తాను' అన్నాడు."

ఇన్సుక్ ఆ గిన్నె వైపే చూస్తూ నిలబడిపోయింది. పద్ధెనిమిదేళ్ల ఉద్యోగంలో ఎన్నో సాక్ష్యాలు చూసింది. ఏ కోర్టూ లెక్కలోకి తీసుకోని సాక్ష్యం ఇది. ఆమెకి మాత్రం ఇదే చాలు.

కోర్టుకి కావలసింది బయట దొరికింది. పొగగొట్టం గోడ దాటాక చూరు కింద ఒక రేకు గూట్లో ముగుస్తుంది. పొగని బయటికి లాగడానికి ఆ గూట్లో చిన్న కరెంటు ఫ్యాను ఉంది. గొట్టం తుప్పుపట్టి ఉంది. ఫ్యాను మాత్రం నిన్నో మొన్నో కొన్నట్టు మెరుస్తోంది. ఇన్సుక్ స్టూలు ఎక్కి గూట్లోకి తొంగి చూసింది. ఫ్యాను ఒంటి మీద గాలి ఎటు పోవాలో చూపే బాణం గుర్తు ఉంది. ఆ బాణం గది వైపు చూస్తోంది.

కిందికి దిగి లోపలికి వెళ్లింది. తలుపు బార్లా తెరిచి, ఫ్యాను స్విచ్ వేసి, పాత పేపరు ఒకటి ముట్టించి పొయ్యిలో వేసింది. పొగ గొట్టంలోకి పోలేదు. పొయ్యి మూతి నుంచి సర్రున ఆమె మొహం మీదికి కొట్టింది. బొగ్గు గ్యాస్ అయితే కంటికి కనిపించదు, వాసనా రాదు.

దగ్గుతూ బయటికి వచ్చేసరికి సూన్‌రే గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఈ ఫ్యాను ఎవరు బిగించారమ్మా?"

"మంగళవారం మధ్యాహ్నం... డాక్టరు గారు ఆస్పత్రికి వెళ్లినప్పుడు. ఇద్దరు మగాళ్లు వ్యానులో వచ్చారు. బూడిదరంగు బట్టలు, జేబు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ. డాక్టరు గారే పంపారన్నారు. పాత ఫ్యాను పాడైంది, ఊరికే మార్చిపోతామన్నారు." ఆవిడ నేల మీద కూలబడింది. "తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. నేనే తలుపు తీశాను తల్లీ. కాఫీ కూడా కలిపిచ్చాను."

ఇన్సుక్ ఆమె పక్కనే ఆ చల్లటి గచ్చు మీద కూర్చుంది. ఆ ఎర్రటి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

*

ఆ ఆకు బొమ్మ ఊళ్లో అందరికీ తెలుసు. "మంచి గాలి" పథకం అని ముర్యోంగ్ కంపెనీ రెండేళ్లుగా హోటళ్లకీ టీ దుకాణాలకీ ఊరికే ఫ్యాన్లు బిగిస్తోంది. గాలి బాగా ఆడితే సరిపోతుంది, చట్టాలెందుకు అని వాళ్ల వాదన. ఇన్సుక్‌ని రమ్మని కబురొచ్చిన చిన్న మాంసం సూపు హోటల్లో కూడా గోడ మీద ఆకు బొమ్మ ఫ్యాను తిరుగుతూనే ఉంది. దాని కిందే సిగరెట్ పొగ దుప్పటిలా వేలాడుతోంది.

"రా అమ్మాయ్, కూర్చో. నీ సూపు చల్లారిపోతోంది," అన్నాడు యోమ్ గ్యూసంగ్.

అరవైకి దగ్గర పడిన మనిషి. ఖరీదైన కోటు. ఆరేళ్ల క్రితం వరకూ ఇన్సుక్‌కి పై అధికారి. నేరస్థలంలో ఎలా నిలబడాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో ఆమెకి నేర్పినవాడు. ఇప్పుడు ముర్యోంగ్ కంపెనీ భద్రతా విభాగానికి పెద్ద.

"తినడానికి రాలేదన్నా."

"తెలుసు. అయినా తిను. నువ్వు ఆకలితో ఉన్నప్పుడే తప్పులు చేస్తావు." సిగరెట్ వెలిగించాడు. "తక్ డాక్టరు కేసు ఇంకా తవ్వుతున్నావట. మీ పై అధికారి ఫోన్ చేశాడు."

"ఆయన నీకెందుకు చేశాడు?"

"పాత స్నేహం. కోపం తెచ్చుకోకు. కిటికీలు మూసుకున్నాడు, తాగాడు, పొయ్యి ముట్టించాడు. ఇందులో నీకు అర్థం కానిదేముంది?"

"కిటికీలు మూసింది చలికాలం మొదట్లో."

"ఉండొచ్చు."

"గ్యాస్ వస్తే అరిచే డబ్బా గోడ మీద లేదు."

"తీసి పారేసుంటాడు."

"ఫ్యాను తిరగేసి బిగించి ఉంది. బిగించినవాళ్ల జేబు మీద మీ ఆకు బొమ్మ."

గ్యూసంగ్ చెయ్యి గాల్లో ఆగింది. బూడిద రాలి సూపులో పడింది. అతను చూసుకోలేదు.

"ఆ బొమ్మ చొక్కాలు బజారులో ఎవడైనా కుట్టించుకుంటాడు," అన్నాడు. "ఇన్సుక్, నీ మంచికోరి చెబుతున్నాను. ఆత్మహత్య అని రాసి మూసెయ్. ఆ అమ్మాయికి కంపెనీ సహాయ నిధి చివరిదాకా వైద్యం చేయిస్తుంది. నువ్వు తవ్వితే ఆమెకి ఏం మిగులుతుంది? తండ్రి దొంగ సాక్ష్యం చెప్పాడని పేపర్లో వస్తుంది. అదా నువ్వు ఆమెకి ఇచ్చేది?"

"ఆత్మహత్య అంటే మీకు లాభమేగా. సోమవారం ఆయన చెప్పబోయిన మాటని పిచ్చివాడి మాట అనొచ్చు."

"లాభనష్టాలు కాదు. మనిషన్నవాడి బాధ గురించి మాట్లాడుతున్నాను. కన్నకూతురు గోడ వైపు తిరిగి పడుకుని 'చచ్చేదాకా నా కళ్లబడకు' అంటే ఏ తండ్రి బతకాలనుకుంటాడు, చెప్పు?"

ఇన్సుక్ చెంచా కింద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"ఆ మాట నీకెవరు చెప్పారన్నా?"

"నువ్వే... మీ రిపోర్టులో..."

"నేను రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. గోడ వైపు తిరిగి పడుకుందని కూడా తెలుసు నీకు."

పక్క బల్ల దగ్గర ఎవరో పగలబడి నవ్వారు. గ్యూసంగ్ మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. ఒకప్పుడు ఎదుటివాడు నోరు జారితే అతను పట్టుకునేవాడు. ఇవాళ జారింది అతని నోరే.

"ముసలాడినైపోయాను," అన్నాడు చివరికి.

"అవును," అంది ఇన్సుక్. లేచింది. "ఊరు విడిచి వెళ్లకు. వెళితే నేనే వెంటపడతాను. వెంటపడేది నేనే కావాలని నీకూ ఉంటుందనుకుంటాను."

*

ఆయా బ్యన్ మల్సూన్‌ని ఇన్సుక్ ఏడో అంతస్తు వరండాలో, వేడినీళ్ల కుళాయి దగ్గర పట్టుకుంది.

"నిన్ను ఈ గదికి ఎవరు పంపారు?"

"సహాయ నిధివాళ్లు. రోగి దగ్గర డబ్బు తీసుకోవద్దన్నారు, జీతం వాళ్లే ఇస్తారు."

"ఇంకేం చెప్పారు?"

ఆమె కెటిల్‌ని గుండెకి హత్తుకుంది. వేడిగా ఉందన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు. "సాయంత్రం ఫోన్ చేసి... ఎవరొచ్చారు, ఏం మాట్లాడారు చెప్పమన్నారు. రోగి బాగోగుల కోసమే అన్నారు మేడమ్. మంగళవారం కూడా చెప్పాను. తండ్రీ కూతుళ్లు ఇలా ఏడ్చారని... ఎవరైనా పెద్దవాళ్లు కలగజేసుకుని కలుపుతారేమోనని చెప్పాను." ఒక్కసారిగా అర్థమైంది ఆమెకి. "దానివల్ల ఏమైనా అయిందా? ఆయన పోయింది దానివల్లేనా?"

"కాదు," అంది ఇన్సుక్. అది నిజమే. మల్సూన్ ఫోన్ చేసేసరికి ఫ్యాను బిగించడం అయిపోయింది. కానీ ఆ నిజం మల్సూన్‌కి సరిపోదని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. "నువ్వు చెప్పింది మళ్లీ ఒకసారి, మా ఆఫీసుకి వచ్చి చెప్పాలి. వస్తావా?"

మల్సూన్ తలూపింది. "ఆ పిల్లకి మీరు చెప్పకండి. నేనే చెప్పుకుంటాను. తిట్టనివ్వండి."

గదిలో యోంజు మేలుకునే ఉంది. ఇన్సుక్ కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుంది. కేసు తేలకముందే ఇంటివాళ్లకి ఏదీ చెప్పకూడదని నేర్పింది గ్యూసంగే. ఆమె ఆ పాఠాన్ని పక్కన పెట్టింది.

"యోంజు, మీ నాన్న తనంతట తను పోలేదు. చంపారు."

యోంజు చూపు ఆమె మీదే నిలిచిపోయింది.

"ఆయన మంగళవారం సాయంత్రం బజారుకి వెళ్లి అబలోన్ గుల్లలు తెచ్చాడు. జావ కాయడం నేర్పమని పక్కింటావిడని పొద్దున్నే రమ్మన్నాడు. 'తిడితే తిట్టనీ, రెండు చెంచాలు తినిపించి వస్తాను' అన్నాడట. నీ మాట వినలేదమ్మా ఆయన. మళ్లీ నీ దగ్గరికి రావాలనే పడుకున్నాడు."

యోంజు నోరు తెరుచుకుంది. మొదట చప్పుడు రాలేదు. తర్వాత ఎక్కడో లోతు నుంచి, పాడైపోయిన ఆ ఊపిరితిత్తుల అడుగు నుంచి ఒక ఏడుపు పైకి వచ్చింది. తండ్రిని ఎవరో చంపారన్న మాట విని ఒక కూతురు తేలికపడటం ఇన్సుక్ ఎన్నడూ చూడలేదు. ఆ తేలికదనాన్ని చూడలేక కిటికీ వైపు తిరిగింది.

ఏడుపు ఆగాక యోంజు ఒకే మాట అంది. "అక్కా, నన్ను కిందికి తీసుకెళ్లు."

*

నేలమాళిగలో మూడో నంబరు హాలు. చక్రాల కుర్చీలో యోంజుని మల్సూన్ తోసుకొచ్చింది. ఆక్సిజన్ సీసాని ఇన్సుక్ ఎత్తిపట్టుకుంది. ఆస్పత్రి గౌను మీదే నల్లటి శోకవస్త్రం కప్పారు. కర్త లేని శవం అని రెండ్రోజులుగా చెవులు కొరుక్కున్న హాలు సిబ్బంది లేచి నిలబడ్డారు. ఫోటోలో డాక్టర్ తక్ కొంచెం ఇబ్బందిగా నవ్వుతున్నాడు. ఫోటో తీసేవాడు గట్టిగా నవ్వమన్నట్టున్నాడు.

యోంజు వంగి నమస్కారం చెయ్యలేకపోయింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల వాల్చింది. "నాన్నా, ఆలస్యమైంది," అంది.

గుమ్మంలో ఎవరో బూట్లు విప్పారు. గ్యూసంగ్. కోటు లేదు. నల్ల టై కట్టుకుని వచ్చాడు. ఇన్సుక్ అడ్డంగా కదిలింది గానీ అతను ఆమె వైపు చూడలేదు. నేరుగా వెళ్లి అగరొత్తి వెలిగించాడు. ఫోటో ముందు రెండుసార్లు నుదురు నేలకి తాకించి మొక్కాడు. తర్వాత పద్ధతి ప్రకారం కర్త వైపు తిరిగాడు. ఆమెకి మొక్కాలి. మోకాళ్ల మీద కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు.

"మీరెవరు?" అంది యోంజు.

అతను జేబులోంచి అరచెయ్యంత డబ్బా తీసి చాప మీద పెట్టాడు. ఎర్ర లైటున్న డబ్బా.

"మంగళవారం రాత్రి ఆ ఇద్దరూ దీన్ని నా బల్ల మీద పెట్టి వెళ్లారు," అన్నాడు. "నేను ఆయనకి జబ్బు చేసేలా మాత్రమే చూడమన్నానమ్మా. తలనొప్పి, వాంతులు, సోమవారం దాటేదాకా ఆస్పత్రి. అంతే అన్నాను. ఇది అరిస్తే ఆయన మేలుకుని బతికేవాడు. దీన్ని పీక్కొచ్చారని చూశాక తెలిసింది, వాళ్లకి ఇంకెవరో ఇంకేదో చెప్పారని. తెల్లారేదాకా సమయం ఉంది. అంబులెన్సుకి ఒక్క ఫోన్ చేసి ఉంటే... చెయ్యలేదు. ఫోన్ ముందే కూర్చున్నాను. చెయ్యలేదు."

మల్సూన్ చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. యోంజు మాత్రం కదల్లేదు. ఆమె మొహంలో కోపం కోసం ఇన్సుక్ వెతికింది. కోపానికి కూడా ఒంట్లో గాలి కావాలి.

"ఎందుకు వచ్చారు ఇప్పుడు?" అని అడిగింది యోంజు.

"రెండ్రోజులుగా మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాను. ఈ ఫోటో ముందు ఎవరూ లేరు. మీరు తప్పంతా మీ మీదే వేసుకుని పైన ఉండిపోయారని తెలుసు. ఆ అబద్ధాన్ని నేనే ఊరంతా మోశాను." ఇన్సుక్ వైపు చేతులు చాపాడు. "పద అమ్మాయ్."

ఇన్సుక్ సంకెళ్లు వేసింది. అతను ఆమెకి మాత్రమే వినపడేలా అనబోయి, మనసు మార్చుకుని యోంజుకి కూడా వినపడేలా అన్నాడు.

"ఆ ఇద్దరూ దొరుకుతారు, పేర్లు చెబుతాను. కానీ ఒకటి ఆలోచించు. తక్ డాక్టరు మనసు మార్చుకున్న సంగతి మాకు మంగళవారం పొద్దున్నే తెలిసింది. అప్పటికి ఆయన కూతురికి కూడా చెప్పలేదు. నిజం చెప్పేస్తానని ఒక్కరితోనే అన్నాడు. పద్ధతి కదా అని, విచారణ పెద్దతో."

"మెంగ్ దుక్సు?" ఇన్సుక్ గొంతు తగ్గించింది. సోమవారం విచారణ నడపబోయే కమిటీ అధ్యక్షుడు.

గ్యూసంగ్ జవాబుగా గుమ్మం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. అక్కడ తెల్ల చామంతుల పెద్ద దండ ఒకటి నిలబెట్టి ఉంది. దాని నల్ల రిబ్బను మీద బంగారు అక్షరాలు. అధ్యక్షుడు మెంగ్ దుక్సు, ప్రగాఢ సంతాపంతో.

"జబ్బు చెయ్యమన్నది నేను," అన్నాడు గ్యూసంగ్. "చంపమన్నది ఎవరో ఇప్పుడు వెతుక్కో. నీకు దొరికే లోపు ఆ అధ్యక్షుడికి ఈ అమ్మాయి సంగతి తెలియకుండా చూడు. తండ్రి తన తప్పు ఒప్పుకున్నది ఈమె దగ్గరే."

కానిస్టేబుళ్లు వచ్చి అతన్ని తీసుకెళ్లారు. అడుగుల చప్పుడు మెట్ల మీద ఆగిపోయాక ఇన్సుక్ యోంజు ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇవాళే వేరే ఆస్పత్రికి మారుస్తాను. పేరు మార్చి. గది బయట నా మనుషులుంటారు."

"సోమవారం మాత్రం సియోల్‌లో ఉండాలి నేను," అంది యోంజు.

"డాక్టరు ఒప్పుకోడు. దారిలో ఏమైనా అయితే? పైగా అక్కడ కూర్చుని వినేది ఎవరో విన్నావుగా."

"విన్నాను. వినడం ఆయన ఉద్యోగం కదా అక్కా. లేచి వెళ్లిపోలేడు. టీవీవాళ్లంతా ఉంటారు." ఆమె ముక్కు దగ్గర గొట్టాన్ని తీసేసింది. మల్సూన్ కంగారుగా ముందుకి వస్తే చేత్తో వారించింది. "ఉండు. సోమవారం ఇది లేకుండా ఎంతసేపు మాట్లాడగలనో చూసుకోవాలి. ఇది ఉంటే మాట సరిగ్గా వినపడదు."

తండ్రి ఫోటో వైపు చక్రాల కుర్చీ తిప్పించుకుంది. నిటారుగా కూర్చుంది. ప్రయాణికుల ముందు నిలబడినప్పుడు అలాగే నిలబడేదేమో.

"నా పేరు తక్ యోంజు," అని మొదలుపెట్టింది. "పదేళ్ల క్రితం మా నాన్న ఇక్కడే నిలబడి ఒక అబద్ధం చెప్పాడు."

గాలి అయిపోయింది. పెదాలు నీలం తిరిగాయి. ఇన్సుక్ గొట్టం అందించబోతే తల అడ్డంగా ఊపింది. కళ్లు మూసుకుని, లోపల ఎక్కడెక్కడో మిగిలిన గాలినంతా పోగుచేసుకుంది.

"దాన్ని వెనక్కి తీసుకోవడానికి బయల్దేరాడు," అంది.

మళ్లీ ఆగింది. ఈసారి చాలాసేపు పట్టింది.

"ఆయన రాలేకపోయాడు. నేను వచ్చాను."